మారతహళ్ళి వీకెండ్ ఫ్రెంచ్ క్లాసు: టీచరుకి నాలుగు మార్కులు, గ్రామర్ నోట్సుకి రెండు

ముందు వివరాలు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, మారతహళ్ళి వంతెనకి నడిచివెళ్ళే దూరంలో, ఒక టిఫిన్ సెంటరు పైన రెండో అంతస్తులో ఉంది ఈ ఇన్‌స్టిట్యూట్. ఏ1 (మొదటి స్థాయి) కోర్సు 80 గంటలు, అంటే శని ఆదివారాల్లో పొద్దున 9:30 నుంచి 12 దాకా, 16 వారాలు. ఏ2 (రెండో స్థాయి) ఇంకో 100 గంటలు, 20 వారాలు. ఫీజు ఏ1కి 18,000, ఏ2కి 22,000. పాఠ్యపుస్తకం, వర్క్‌బుక్ విడిగా కొనుక్కోవాలి. బ్యాచికి 14 మంది, వాళ్ళలో పదిమందికి తగ్గకుండా తెలుగువాళ్ళే. బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ పీజీల నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం చూస్తున్న దంపతులు. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ఇక్కడ ఎత్తిచూపే లోపం ఆ ఒక్క చోటిదే కాదు.

ఆ లోపం ఏమిటంటే, తెలుగువాళ్ళకి ఫ్రెంచిని ఇంగ్లిషు మీదుగా నేర్పడం. క్లాసులో ఫ్రెంచ్, ఇంగ్లిషు తప్ప మరో భాష వాడకూడదని నియమం. మాట్లాడే సాధన వరకూ నియమం మంచిదే. గ్రామర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు అవుతోంది. ఇంగ్లిషులో లేని, తెలుగులో ఉన్న తేడాలు ఫ్రెంచిలో బోలెడు. వాటిని ఇంగ్లిషులో వివరించబోయి పేజీలకి పేజీలు నోట్సు ఇస్తున్నారు. తెలుగులో అయితే ఒక్కో దానికి ఒక్కో వాక్యం సరిపోతుంది.

టీచరుకి మాత్రం వంక పెట్టలేం. ఉచ్చారణకి మొదటి రెండు వారాలూ పూర్తిగా కేటాయిస్తారు, తొందరపడరు. ఫ్రెంచి టి, డి అక్షరాలు పలికేది మన త, ద లకి దగ్గరగా. ఇంగ్లిషు అలవాటుతో ‘టాబ్ల్’ అనేవాళ్ళ చేత ‘తాబ్ల్’ అనిపించడం తెలుగు బ్యాచిలో ఐదు నిమిషాల పని. అసలు చిక్కు చివర్లో ఉంటుంది. మనం హల్లుతో మాటని ఆపలేం. బస్సు, కారు, పార్కు అన్నట్టే ‘తాబ్లు’ అనేస్తాం. ఈ టీచరు దాన్ని గట్టిగా పట్టుకుంటారు. ‘ల్’ దగ్గర నాలుక అంటించి అక్కడే ఆపమంటారు, ‘ఉ’ వినిపిస్తే మళ్ళీ మొదటినుంచి.

ముక్కుతో పలికే శబ్దాల విషయంలో మన లిపిలోనే ఒక పనిముట్టు ఉంది. ఎవరూ వాడటం లేదంతే. అరసున్న! మగవాచకానికి ‘బోఁ’, ఆడవాచకానికి ‘బొన్’. రెండింటికీ మంచి అనే అర్థం. మొదటిదాంట్లో న్ అస్సలు పలకదు, గాలి ముక్కులోంచి పోతుంది. రెండోదాంట్లో న్ స్పష్టంగా వినిపిస్తుంది. నోట్సులో రెండింటికీ ‘బాన్’ అనే రాసి ఉంది, లింగం వినిపించే చోటే చెరిపేసినట్టు. అరసున్నతో రాసుకుంటే ద్రాక్షసారా ‘వెఁ’, గాలి ‘వాఁ’, వాళ్ళు వెళ్తారు ‘వోఁ’. మూడూ వేర్వేరుగా కళ్ళకి కనిపిస్తాయి. ఈ సమీక్షలో అరసున్న ఎక్కడ కనిపించినా ముక్కుతోనే చదవండి.

జ విషయంలోనూ జాగ్రత్త. ‘ఇల్ సోఁ’ అంటే వాళ్ళు ఫలానా అని, ‘ఇల్ జోఁ’ అంటే వాళ్ళకి ఫలానాది ఉందని. రెండోదాంట్లోది మన జ కాదు, జూ పార్కులో సరిగ్గా పలికే జ. అది రాకపోతే డెల్ఫ్ (ఫ్రెంచి స్థాయికి సర్టిఫికెట్టు ఇచ్చే పరీక్ష) వినికిడి పేపరులో ఒకటికి రెండు మార్కులు పోతాయి. ‘త్యు’ (నువ్వు) లోని అచ్చుకి చిట్కా: ‘ఈ’ అంటూ, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం ‘ఊ’కి చుట్టినట్టు చుట్టాలి. తెలుగులో ‘త్యు’ అని రాసినా, ‘తు’ అని రాసినా అది గుర్తు కోసమే.

ఇక గ్రామర్ నోట్సు.

పాసే కోఁపోజే, అంటే జరిగిపోయిన పనిని చెప్పే కాలం, ఏ1 చివర్లో వస్తుంది. చాలా క్రియలకి ‘అవ్వార్’ (కలిగి ఉండు అనే క్రియ) సాయం పడుతుంది. పదిహేను పదిహేడు క్రియలకీ, తనకి తాను చేసుకునే క్రియలన్నిటికీ ‘ఎత్ర్’ (అయి ఉండు అనే క్రియ) సాయం పడుతుంది. దీనికి ఒక ఇల్లు బొమ్మ జిరాక్సు ఇచ్చారు. తలుపు దగ్గర రావడం, పోవడం, మెట్ల మీద ఎక్కడం, దిగడం, మంచం మీద పుట్టడం, చావడం. బొమ్మ బాగుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లిషులో ఒక గమనిక: ఆరు క్రియలు నేరు కర్మ వస్తే ‘అవ్వార్’ తీసుకుంటాయి. ‘నేరు కర్మ’ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఆ గమనికతో పని లేదు, పని ఉన్నవాళ్ళకి అది అర్థం కాదు. బ్యాచిలో సగం మంది హోంవర్కులో తడబడింది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు ఇదే సంగతి తెలుగులో. నేను దిగాను: ‘జ స్వీ దెసాఁద్యు’, ‘ఎత్ర్’ సాయంతో. నేను పెట్టె దించాను: ‘జే దెసాఁద్యు లా వలీజ్’, ‘అవ్వార్’ సాయంతో. దిగడానికీ దించడానికీ మనకి రెండు క్రియలున్నాయి. ఫ్రెంచి వాళ్ళు ఒకే క్రియ పెట్టుకుని సాయం మారుస్తారు. ఎక్కాను, ఎక్కించాను. బయటికి వచ్చాను, బయటికి తీశాను. లోపలికి వచ్చాను, లోపల పెట్టాను. తిరిగి వెళ్ళాను, తిరగేశాను. దోసె తిరగేసినా, అక్కడి క్రేప్ తిరగేసినా సాయం ‘అవ్వార్’దే. ఆరోది ‘పాసే’. అటువైపు వెళ్ళాను అంటే ‘జ స్వీ పాసే’. అదే ‘జే పాసే లెగ్జామెఁ’ అంటే పరీక్ష రాశాను అని అర్థం. పాసయ్యానని కాదు. పాసవ్వడానికి ‘రేయుసీర్’ అని వేరే క్రియ ఉంది. ఫ్రెంచిలో మాట్లాడుతూ డెల్ఫ్ ‘పాసే’ అని చెప్పుకునేవాళ్ళు గమనించగలరు.

ఈ తెలుగు పరీక్ష ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. మెట్లు ఎక్కాను, మెట్లు దిగాను అంటాం, ఎక్కించాను దించాను అనం. ఫ్రెంచికి మాత్రం ఇక్కడ మెట్లు నేరు కర్మే (పని నేరుగా దేని మీద జరుగుతుందో అది), కాబట్టి ‘జే దెసాఁద్యు లెస్కలియే’. మెట్లలాంటి చోట్ల జాగ్రత్త పడితే మిగతాచోట్ల దిగు–దించు సూత్రం చాలావరకు నిలబడుతుంది.

‘ఎత్ర్’ వచ్చినప్పుడు కర్తని బట్టి చివర మారుతుందని గుర్తుంచుకోవాలి. ఆమె దిగితే ఒక ‘ఇ’ అక్షరం, వాళ్ళు దిగితే ఒక ‘ఎస్’. రెండూ పలకవు, రాతలో మాత్రం ఉండాలి. దిగాడు, దిగింది, దిగారు అని క్రియ చివర మార్చడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. నోట్సులో దాన్ని వింతగా చూపించి భయపెట్టారు.

ఏ2లో ఎఁపార్ఫె, అంటే గతంలో అలవాటుగానో సాగుతూనో ఉన్న పనిని చెప్పే కాలం, దగ్గర ఇంకా అన్యాయం. ‘ఐ వాజ్ డూయింగ్, ఐ యూజ్డ్ టు డూ’ అని రెండు ఇంగ్లిషు రూపాలిచ్చి, ఎఁపార్ఫె రెండింటికీ వస్తుందని చెప్పి, తర్వాత మూడు పేజీల మినహాయింపులు. తెలుగులో: చిన్నప్పుడు గుడికి వెళ్ళేవాణ్ణి, ఇది ఎఁపార్ఫె. నిన్న గుడికి వెళ్ళాను, ఇది పాసే కోఁపోజే. నేను వంట చేస్తుంటే ఫోన్ మోగింది: ‘జ ఫజె లా క్విజీన్ కాఁ ల తెలెఫోన్ ఆ సోనే’. ‘చేస్తుంటే’ ఎఁపార్ఫె, ‘మోగింది’ పాసే కోఁపోజే. ‘ఎఫ్-ఏ-ఐ’ అని రాసి ఉన్నా ఇక్కడ ‘ఫె’ కాదు, ‘ఫ’. టీచరు ఇది ప్రతిసారీ దిద్దుతారు, మంచిదే.

దీనికంటే ముచ్చటైనది ఒకటుంది. ‘జ సవె’ అంటే నాకు తెలుసు, అప్పటికే. ‘జే స్యు’ అంటే నాకు తెలిసింది, అప్పుడే. ఇంగ్లిషులో రెండింటికీ ‘న్యూ’ అనే మాటే వాడతారు కాబట్టి వివరించడానికి ఒక పేరా పడుతుంది. తెలుసు, తెలిసింది అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది. భయంగా ఉండేది ‘జవె పర్’, భయమేసింది ‘జే యు పర్’. ఇదీ అంతే.

తడబడే చోటు వేరే ఉంది. ఎక్కువకాలం సాగిన పనంటే ఎఁపార్ఫె వెయ్యాలనుకుంటారు. హైదరాబాదులో మూడేళ్ళు పనిచేశాను అన్నప్పుడు మూడేళ్ళకి హద్దు గీసేశాం కాబట్టి పాసే కోఁపోజే: ‘జే త్రవయ్యే త్ర్వా జాఁ’. కాలం పొడుగు కాదు, హద్దు ఉందా లేదా అన్నది చూడాలి. అదే పని ఇంకా సాగుతూ ఉంటే అసలు గతకాలమే వద్దు. మూడేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను: ‘జ త్రవాయ్ ఇసీ దప్వీ త్ర్వా జాఁ’. తెలుగులో వర్తమానం, ఫ్రెంచిలోనూ వర్తమానం. ఇంగ్లిషు ‘హావ్ బీన్ వర్కింగ్’ని మనసులో పెట్టుకున్నవాళ్ళే ‘జే త్రవయ్యే’ అని తప్పు రాస్తున్నారు. తెలుగుని పక్కన పెట్టమన్న ఫలితం ఇది.

సర్వనామాల వర్క్‌షీటు ఏ2లో పదకొండో వారం. ఏ బ్యాచికైనా గుండె జారేది ఇక్కడే. దాన్ని, వాణ్ణి అనడానికి ల, లా, లే. వాడికి, ఆమెకి అనడానికి ‘ల్వీ’. వాళ్ళకి అనడానికి ‘లర్’. మామూలు వాక్యాల్లో ఇవన్నీ క్రియకి ముందు కూర్చోవాలి. ఇంగ్లిషులో అవి క్రియ వెనక ఉంటాయి కాబట్టి నోట్సులో బాణం గుర్తులతో ‘జరపండి’ అని బొమ్మ వేశారు. జరపడానికేముంది? నేను వాణ్ణి చూశాను: ‘జ లే వ్యు’. నేను, వాణ్ణి, చూశాను. వరస అదే. నేను నీకు దాన్ని ఇస్తాను: ‘జ త ల దొన్’. నేను, నీకు, దాన్ని, ఇస్తాను. మాటకి మాట సరిపోయింది. వాడికైతే వరస తిరగబడుతుంది: ‘జ ల ల్వీ దొన్’, నేను దాన్ని వాడికి ఇస్తాను. నాకు, నీకు, మాకు, మీకు అనేవి ‘దాన్ని’కి ముందు, ‘వాడికి, వాళ్ళకి’ అనేవి ‘దాన్ని’ తర్వాత. తెలుగులో రెండు వరసలూ చెల్లుతాయి కాబట్టి నోరు తిరగడానికి ఇబ్బంది లేదు.

తెలుగు మోసం చేసేది విభక్తి దగ్గర. హోంవర్కు కాగితాల్లో ఎర్రసిరా ఎక్కువ పడింది ఈ క్రియలకే. వాడికి సాయం చేశాను అంటాం, ఫ్రెంచిలో ‘వాణ్ణి’: ‘జ లే ఎదే’. వాడికి థాంక్స్ చెప్పాను, అక్కడ మళ్ళీ ‘వాణ్ణి’: ‘జ లే రమెర్సియే’. వాడి కోసం ఎదురుచూస్తున్నాను, ‘కోసం’ ఉండదు: ‘జ లతాఁ’. దానికోసం వెతుకుతున్నాను, ఇక్కడా ‘కోసం’ లేదు: ‘జ ల షెర్ష్’. తిరకాసు మరోవైపు: వాణ్ణి అడిగాను అంటాం, వాళ్ళు ‘వాడికి’ అడుగుతారు: ‘జ ల్వీ ఏ దమాఁదే’. ఈ ఐదూ గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి. వాడికి ఫోన్ చేశాను, వాడికి జవాబిచ్చాను మాత్రం మనలాగే ‘వాడికి’: ‘జ ల్వీ ఏ తెలెఫోనే’, ‘జ ల్వీ ఏ రేపోఁద్యు’. ఇంగ్లిషులో ‘కాల్ హిమ్’ అని నేర్చినవాళ్ళు తెలెఫోనే దగ్గర కూడా తప్పు చేస్తారు, తెలుగు వింటే చెయ్యరు.

ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన పట్టికలో ఈ క్రియలు 40 దాకా ఉన్నాయి, ఇంగ్లిషు అక్షరక్రమంలో! టెలిఫోన్ డైరెక్టరీని బట్టీ పట్టమన్నట్టుంది. తెలుగువాళ్ళకి తప్పేవి ఇన్నే అని వేరుచేసి ఇస్తే పావు పేజీ చాలు.

నాకు–వాక్యాల సంగతి కూడా ఇక్కడే. తెలుగులో ‘కలిగి ఉండు’ అని ఎవరం మాట్లాడుకోం, నాకు ఉంది అంటాం. నాకు ఆకలి, నాకు చలి, నాకు ఇరవై ఏళ్ళు, వీటికి ఫ్రెంచిలో ‘అవ్వార్’. ‘జే ఫెఁ’, ‘జే ఫ్రా’, ‘జే వెఁత్ ఆఁ’. ఇంగ్లిషులో ‘ఐ యామ్’ కాబట్టి ‘జ స్వీ ఫెఁ’ అని రాస్తారు. దాన్ని ఫ్రెంచివాళ్ళు వింటే, ఆకలి అనే పేరుగల మనిషి వచ్చాడనుకోవాలి. ‘నాకు’ అని మొదలయ్యే ఒంటి సంగతులకీ వయసుకీ ‘జే’ అని ఒక్క సూత్రం పెట్టుకుంటే ఏ1లో వచ్చేవాటిలో చాలావరకు వచ్చేసినట్టే. నాకు రెండు కిలోలు కావాలి ‘ఇల్ మ ఫో ద్యో కిలో’, అది నాకు నచ్చింది ‘సా మ ప్లే’. ఇవి అచ్చంగా మన వాక్యాలే. ‘త్యు మ మాఁక్’ అనే మాటని తలకిందుల వాక్యమని నోట్సులో ఆశ్చర్యార్థకంతో పెట్టారు. నువ్వు నాకు గుర్తొస్తున్నావు అంటే తలకిందులుగా ఉందా?

ఆర్టికల్స్ మనకి లేవు, ఇక్కడ తెలుగు సాయం కొంచెమే. అయినా ఒక పరీక్ష పనికొస్తుంది. వాక్యంలో ‘కాస్త’ అని పెట్టిచూడండి. కాఫీ తాగుతాను, కాస్త కాఫీ తాగుతాను. అర్థం చెడలేదు, కాబట్టి ‘ద్యు కఫే’. కాఫీ అంటే ఇష్టం అన్నప్పుడు ‘కాస్త’ పెడితే ఇష్టం తగ్గిపోతుంది, కాబట్టి ‘ల కఫే’. కాఫీ తాగను అంటే ‘జ న బ్వా పా ద కఫే’, ‘ద్యు’ కాస్తా ‘ద’ అయిపోతుంది. కాఫీ ఇష్టం లేదు అంటే మాత్రం ‘ల’ కదలదు. కప్పు కాఫీ, కిలో బియ్యం, చాలా పాలు అని కొలత నోటితో చెప్పినప్పుడు కూడా ఉత్త ‘ద’: ‘యూన్ తాస్ ద కఫే’, ‘అఁ కిలో ద రీ’. ఇక్కడ ‘ద్యు’ రాయడం ఏ2 దాటినవాళ్ళు కూడా చేసే తప్పు. ఇది కాఫీ కాదు అన్నప్పుడు ‘స నే పా ద్యు కఫే’, ‘ఎత్ర్’ ఉంటే ‘ద్యు’ చెక్కుచెదరదు. ఈ చివరిది నోట్సులో లేదు. ఉండాల్సింది.

లింగం గురించి తక్కువ మాటలే. మనకి మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళూ వస్తువులూ ఇంకోవైపు: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. ఫ్రెంచిలో బస్సు మగది, కారు ఆడది. స్కూల్లో హిందీ రైలుతో పడిన తిప్పలు గుర్తున్నవాళ్ళకి చేదువార్త ఏమిటంటే, హిందీలో రైలు స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం. పుస్తకమూ అంతే. హిందీ జ్ఞానం ఇక్కడ పనికిరాదు, అడ్డం వస్తుంది కూడా. స్పెల్లింగు చివర చూడటమే దారి. టి-ఐ-ఓ-ఎన్, ఎస్-ఐ-ఓ-ఎన్ అయితే ఇంచుమించు అన్నీ స్త్రీలింగం. ఎమ్-ఇ-ఎన్-టి పుంలింగం. ఏ-జి-ఇ పుంలింగమే గానీ పేజీ, బొమ్మ, బీచి, పంజరం స్త్రీలింగాలు. ఇ-ఏ-యు పుంలింగం, నీళ్ళూ చర్మమూ తప్ప. టీచరు ప్రతి మాటనీ ల (పుంలింగం), లా (స్త్రీలింగం) లతో కలిపే పలికిస్తారు, విడిగా పలకనివ్వరు. ఈ ఒక్క అలవాటుకే సగం ఫీజు గిట్టుబాటు.

అవును, కాదుల సంగతి ఒకటి నోట్సులో ఎక్కడా లేదు, ఇంటర్వ్యూలో దెబ్బతీసేదీ అదే. “నువ్వు నిన్న రాలేదా?” అని అడిగితే మనం “అవును, రాలేదు” అంటాం. ఫ్రెంచిలో అక్కడ ‘వి’ అనకూడదు, ‘నోఁ’ అనాలి. వచ్చి ఉంటే, అంటే మనం “వచ్చానుగా!” అని దీర్ఘం తీసేచోట, ‘సీ’ అనాలి. లేదా, కాదా అని ముగిసే ప్రశ్న వినబడగానే ‘వి’ని నోట్లోనే ఆపేయండి. మిగిలినవి ‘నోఁ’, ‘సీ’ రెండే.

మనం, మేము తేడా అక్కడ లేదు, ‘ను’ ఒక్కటే. మాటల్లో ‘ను’ కూడా తక్కువే, ‘ఓఁ’ వాడేస్తారు. క్రియ మాత్రం ‘వాడు’కి వేసినట్టు వెయ్యాలి. నువ్వు, మీరు తేడా మనకి చెప్పక్కర్లేదు కాబట్టి క్లాసులో దాని మీద పెట్టిన గంటన్నర దండగ. ఆ గంటన్నర పుస్తకానికీ నోటికీ ఉన్న తేడాకి పెట్టాల్సింది. మామూలు మాటల్లో కాదనడానికి ‘న’ ఎగిరిపోయి ‘పా’ ఒక్కటే మిగులుతుంది. ‘జ న సే పా’ అని నేర్చినవాళ్ళకి అది ‘షే పా’ అని వినబడితే గుర్తుపట్టలేరు. ఊళ్ళ, దేశాల ముందు వచ్చే ‘లో’ గురించి ఇచ్చిన కాగితం బాగానే ఉంది: ఊరికి ‘ఆ’, ఇ అక్షరంతో ముగిసే దేశాలకి ఎక్కువగా ‘ఆఁ’, కెనడాకి ‘ఓ’. మెక్సికో, కంబోడియా మినహాయింపులని కూడా రాశారు.

అంకెలకి ఒకే క్లాసు ఇచ్చారు, చాలదు. డెబ్బైని అరవై-పది అని, ఎనభైని నాలుగు-ఇరవైలని, తొంభైని నాలుగు-ఇరవైలు-పది అని లెక్కపెడతారు. వీటికి తోడు వినికిడి పేపరులో ఫోన్ నంబర్లు జంటలు జంటలుగా చదువుతారు. రోజుకి పది నంబర్లు చొప్పున విని రాసుకోవడం తప్ప దగ్గర దారి లేదు.

పరీక్ష విషయానికొస్తే, డెల్ఫ్ ఏ1, ఏ2లకి ఇన్‌స్టిట్యూట్ తయారు చేసే తీరు నిజాయితీగా ఉంది. నాలుగు భాగాలు, ఒక్కోటి 25 మార్కులు, వందకి 50 వస్తే పాస్. అయితే ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. ఏ1 రాతలో ఫారం నింపడం, చిన్న సందేశం రాయడం ఉంటాయి, వాటి మీద ఆరు సార్లు రాయించారు. గోడ మీద అంటించిన కెనడా పోస్టరు మాత్రం వేరే కథ. పీఆర్ లెక్కలో ఫ్రెంచికి వచ్చే 25 లేదా 50 అదనపు పాయింట్లకి చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచికి కెనడా వాడే స్థాయి కొలత) 7 కావాలి. అది దాదాపు బీ2, అంటే ఏ1, ఏ2, బీ1 దాటాక వచ్చే నాలుగో స్థాయి. సున్నా నుంచి బీ2కి 550 గంటలకి పైనే లెక్క పెట్టుకోవాలి, ఇక్కడి ఏ1, ఏ2 కలిపితే 180. పైగా దానికి డెల్ఫ్ సర్టిఫికెట్టు చెల్లదు. టీఈఎఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి, ఆ ఫలితానికి గడువు రెండేళ్ళు. డెల్ఫ్‌కి గడువు లేదు. డబ్బు కట్టేముందు కౌంటర్లో ఈ రెండు పరీక్షల తేడా అడగండి. సరిగ్గా చెప్పగలిగింది టీచరు ఒక్కరే, కౌంటర్లోవాళ్ళు కాదు.

మార్కులు: టీచరుకి ఐదుకి నాలుగు, ఉచ్చారణకి నాలుగున్నర, డెల్ఫ్ తయారీకి నాలుగు, నోట్సుకి రెండు, పోస్టరుకి సున్నా. ఏ1కి చేరవచ్చు. ఏ2లో చేరేవాళ్ళు మాత్రం ఇన్‌స్టిట్యూట్ నోట్సు పక్కన సొంతంగా మూడు గళ్ళ పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. మొదటి గడిలో తెలుగు వాక్యం, రెండో గడిలో ఫ్రెంచి వాక్యం, మూడో గడిలో రెండూ ఎక్కడ విడిపోయాయో ఒక్క మాట. ఇంగ్లిషుకి గడి వద్దు. ‘సాయం: కి కాదు, ని’ అన్నంత చిన్నగా ఉంటే చాలు. వారానికి పదిహేను వాక్యాలకి మించితే తిరగెయ్యడం మానేస్తారు.

చేరేముందు ఒక డెమో క్లాసు ఉచితం. మామూలుగా పలకరింపుల పాఠం చూపిస్తారు, అది ఎక్కడైనా బాగానే ఉంటుంది. ఏ2 బ్యాచిలో సర్వనామాల క్లాసుకి కూర్చోనివ్వమని అడగండి, ఒప్పుకుంటున్నారు. ఆదివారం 9:20 దాటితే కింద బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, టిఫిన్ సెంటరు జనం నిండిపోతారు.